చేదు చచ్చిన ఊరు

నమోదు 1. చేదునాడు, సాయంత్రం

మీకు తెలుసు. గ్లాసులో చేదు లేదని మీ నాలుకకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నారు.

ఒకటో బ్లాకు పెద్దమనుషుల్నే అనడం లేదు. మా ఏడో బ్లాకులో నా పక్కన వరసలో నిలబడి, గుటక వేసి, మూతి తుడుచుకుని చప్పట్లు కొట్టిన మిమ్మల్ని కూడా కలిపే అంటున్నాను. ఈ గోడపత్రిక ఇన్నేళ్లుగా రాస్తున్నాను. ఈ సువార్త చేతిరాత బాగుండదంటారు, నోరు అంతకన్నా బాగుండదంటారు. సరే. ఈసారి వార్తలు రాయను. రోజు రోజుకీ ఏం జరిగితే అది నమోదు చేసి అంటిస్తాను. రేపు ఎవరూ "మాకు తెలీదే" అనకుండా.

చేదునాడు ఎందుకు పెట్టుకున్నామో పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు గనక నేను చెప్తాను. నీడూరు మొత్తానికీ ఎండ తగలకుండా పలకల పందిరి వేయడం పూర్తయిన రోజు అది. పల్నాటి ఎండకు కాలవ గట్ల మీద, బస్టాండ్లలో, రాతి క్వారీల్లో రాలిపోయిన మనవాళ్లని తలుచుకుని, ఏడాదికొక్కసారి ఒక గ్లాసు నేలవేము కషాయం నిలబడి తాగాలని మన పెద్దలు పెట్టారు. వాళ్లు మింగిన దాంట్లో మనం ఒక్క గుటకైనా మింగాలని. మొహం చిట్లించినవాణ్ణి మళ్లీ చేదునాటి దాకా ఆటపట్టించవచ్చు. మా తమ్ముడు ఏసోబు చిన్నప్పుడు పాస్టరుగారి తెల్లచొక్కా మీద ఉమ్మేశాడు. అప్పట్నుంచీ వాడు ఉమ్మేసోబు. నెరిసిన గడ్డంతో పందిరి రిపేరు ముఠాకి మేస్త్రీ అయినా ఉమ్మేసోబే.

ఈరోజు ఒక్కరూ మొహం చిట్లించలేదు. ఆరేళ్ల పిల్ల రెండో గ్లాసు అడిగింది. పందిరి కమిటీ అధ్యక్షుడు శ్రీకంఠంగారు మైకు పట్టుకుని, మనం ఎంత గట్టిపడ్డామో చూడండి, మన తాతలు విలవిల్లాడిన చేదు ఇవాళ మనల్ని ఏమీ చేయలేకపోతోంది అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. గ్లాసులో చేదు పోతే, మీలో ధైర్యం వచ్చిందనుకున్నారు. ఇంత తెలివితక్కువ గర్వం ఇంకో ఊరికి ఉంటుందా?

"అక్కా, ఇది కషాయమా, గిన్నెలు కడిగిన నీళ్లా?" అన్నాడు ఏసోబు నా చెవిలో. నవ్వు ఆపుకోలేకపోయాను. అప్పుడు చూశాను, వాడి భుజాల మీద దుప్పటి ఉంది. చలిగా ఉందన్నాడు. నీడూరులో చలీ లేదు, వేడీ లేదు. ఏడాది పొడుగునా ఒకటే గాలి. ఇక్కడ చలి పుట్టేది ఒంట్లోంచే.

నమోదు 2. పేరుకి చైత్రం

చలిజ్వరమే. రోజు విడిచి రోజు వస్తోంది. వచ్చినప్పుడు మంచం కోళ్లు నేలకేసి టకటక కొట్టుకుంటాయి. మా మరదలు రూతు రెండు కాళ్ల మీదా కూర్చుంటే ఆ చప్పుడు కాస్త తగ్గుతుంది.

పాత మాత్రలకు ఈ జ్వరం లొంగడం మానేసి చాలా కాలమైంది. అది మా అమ్మ కాలంలోనే అయిపోయింది. అందుకే కదా మా బ్లాకు అంచున మెట్లు మెట్లుగా మడులు కట్టి, ఈ జ్వరం కోసమే ఏరి ఏరి పెంచిన నేలవేము వేసుకున్నాం. ఊరంతటికీ మందు ఆ మడులే. మందుల గదిలో సంచీలకు సంచీలు ఆకు ఉంది. రూతు పొద్దుటా సాయంత్రం కాచి పోస్తోంది. ఏసోబు మంచినీళ్లు తాగినట్టు తాగుతున్నాడు. జ్వరం మాత్రం తన టైముకి తాను వస్తోంది.

రెట్టింపు పోశాం. దానికి రెట్టింపు పోశాం. వాంతి చేసుకున్నాడు, అంతే.

నిన్న గోడ అవతల నుంచి ఇంకో మంచం చప్పుడు వినిపించింది. ఇవాళ వరండా చివర నుంచి ఇంకోటి. నేను భయస్తురాలిని కాదని మీకు తెలుసు. కమిటీ గుమ్మం ముందు ఒంటరిగా బైఠాయించినదాన్ని. కానీ ఆ టకటక మొదలైతే నా చేతిలో కలం ఆగిపోతోంది. ఈసారి ఎవరింట్లోంచో అని చెవులు రిక్కించి కూర్చుంటున్నాను. మా ఇంట్లోంచి కాకపోతే ఊపిరి పీల్చుకుంటున్నాను. ఇంకొకరి బిడ్డ వణుకుతోందని తెలిసి ఊపిరి పీల్చుకునే స్థితికి తెచ్చారు నన్ను.

నమోదు 3. డాక్టరుగారు వచ్చిన రోజు

డాక్టరు హైమవతి మా బ్లాకుకు దిగి రావడం అరుదు. ఆవిడ చెడ్డమనిషి కాదు. పిలిస్తే వస్తుంది. ఆరోజు పిలవకుండా వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా గడప మీదే కూర్చుంది. నేను చెప్పేది గోడ మీద పెట్టకు సువార్తా అని మొదట మాట తీసుకోబోయింది. ఇవ్వలేదు. అయినా చెప్పింది.

ఆకు ఖాళీగా ఉందట. పరీక్ష చేస్తే పచ్చదనం ఉంది, నీరుంది, బరువుంది, మందు లేదు. పోయినేడు ఆకు తీసి చూస్తే అందులోనూ లేదు. అంతకుముందు ఏడాది ఆకులో ఏదో అడుగూ బొడుగూ ఉందట.

"ఎవరు దొంగిలించారు?" అన్నాను. నా బుద్ధి మొదట అటే పోతుంది.

"ఎవరూ కాదు. మొక్క చేయడం మానేసింది," అంది. "చేదు దానికి కవచం, సువార్తా. ఎండ కొట్టాలి. నీళ్లు చాలకుండా పోవాలి. పురుగు వచ్చి కొరకాలి. అప్పుడు తన్ను తాను కాపాడుకోడానికి ఆకులో చేదు కూడబెట్టుకుంటుంది. మొగ్గ వేసే ముందు బాగా కూడబెడుతుంది. మన మడుల్లో ఎండ లేదు, కరువు లేదు, పురుగు లేదు. ఋతువే లేనప్పుడు మొగ్గ ఎందుకు వేస్తుంది? హాయిగా ఆకులు పెంచుకుంటూ కూర్చుంది."

మరి ఇన్నేళ్లూ ఏం చూశారని అడిగాను. కోత కోతకీ తూకం చూశామని ఒప్పుకుంది. ఆకు పెద్దదవుతోందని కమిటీ మడుల వాళ్లకు శాలువాలు కూడా కప్పింది.

"తూకం చూశాం, రుచి చూడలేదు," అంది తల దించుకుని.

"రుచీ చూశాం డాక్టరుగారూ. ఊరంతా నిలబడి చూశాం," అన్నాను.

ఆవిడ గడప మీద నుంచి లేచింది. కుర్రవాళ్లు తట్టుకుంటారు, ఏసోబు ప్లీహం వాచింది, ఇలా జ్వరం వస్తూ పోతూ ఉంటే ఎక్కువకాలం నిలవడు అని వెళ్తూ వెళ్తూ అంది. రూతు వినకుండా అంది. రూతు వింది.

ఇదంతా మర్నాడు పొద్దున్నే గోడ మీద పెట్టాను. ఏడు బ్లాకుల్లోనూ పెట్టాను. రెండో బ్లాకులో మధ్యాహ్నానికి చింపేశారు. ఎవరు చింపారో నాకు తెలుసు, మీకూ తెలుసు.

నమోదు 4. పందిరి మీద

జ్వరం రాని రోజు ఏసోబు మామూలు మనిషిలా లేచి కూర్చుంటాడు. అదే నాకు ఎక్కువ భయం. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అనే సామెత కాదు నేను చెప్పేది. వాడు నిజంగానే బాగుంటాడు. జోకులేస్తాడు. రేపు మళ్లీ వస్తుందని వాడికీ తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తకుండా అన్నం తింటాం.

అలాంటి ఒక రోజు, కుండీల్లో నేలవేము పెట్టి పందిరి మీదికి ఎక్కించాలని డాక్టరుగారు అంది. పైకి వెళ్లే తలుపు తాళంచెవి రిపేరు ముఠా దగ్గరే ఉంటుంది. వద్దురా, ఇంకెవరినైనా పంపిద్దాం అన్నాను. నా తలుపుకి ఇంకొకడు తాళం తీయడమేందే అన్నాడు. నేనూ వెంట ఎక్కాను.

నా చిన్నతనం తర్వాత ఎండలోకి రావడం అదే. మా నాన్న ఈ పందిరి స్తంభాలకే గుంటలు తవ్వుతూ వడదెబ్బకు పడిపోయాడు. నీడ కట్టడానికి ఎండలో చచ్చినవాళ్ల పిల్లలం మేము. తలుపు తెరవగానే చెంప మీద ఎవరో అరచేత్తో కొట్టినట్టయింది. తెల్లగా కాలిపోయిన గుట్టలు, కళ్లు తెరవనివ్వని వెలుతురు, దూరంగా కృష్ణ సన్నటి గీత. గాలి పీల్చితే ముక్కులోపల చుర్రుమంది. నేను గడప దాటలేకపోయాను. సిగ్గుపడను, తలుపు పట్టుకుని అక్కడే నిలబడి చూశాను.

మొదట ఎక్కించిన కుండీలన్నీ సాయంత్రానికి మాడిపోయాయి. సుఖంగా పెరిగిన మొక్కలు కదా. తర్వాత డాక్టరుగారు పాత చీరలు అడ్డం కట్టించింది. కొద్దికొద్దిగా చీర తొలగించడం, కొద్దికొద్దిగా నీళ్లు తగ్గించడం. ఏసోబు ఓపిక ఉన్న రోజున వాడు, లేని రోజున వాడి ముఠా. చాలావరకు చచ్చాయి. బతికినవి పొట్టిగా, గట్టిగా, కాడ దగ్గర ఊదారంగు తిరిగి, చూడ్డానికి దిక్కుమాలినట్టు ఉన్నాయి. కొన్ని వారాలకు వాటికి మొగ్గలు వచ్చాయి.

డాక్టరుగారు ఒక ఆకు తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మొహం మొత్తం ఒక్క చోటికి ముడుచుకుపోయింది. అంత మర్యాదస్తురాలు చుట్టూ చూసి, చోటు దొరక్క, పందిరి పలక మీదే ఉమ్మేసింది. ఏసోబు నవ్వి నవ్వి కూలబడ్డాడు.

"ఇంక నన్ను ఒక్కణ్ణే అనడానికి లేదు," అన్నాడు.

ఆ కాసిని ఆకులతో కాచిన కషాయం మా బ్లాకులో ముగ్గురు పిల్లలకు, అరకొరగా ఏసోబుకు సరిపోయింది. పిల్లలు కక్కబోయి, తిట్టి, ఏడ్చి తాగారు. పిల్లలకు జ్వరం దిగింది, మళ్లీ రాలేదు. ఏసోబుకు దిగింది. మేం ఆ వారం నవ్వుకున్నాం. తర్వాత తిరగబెట్టింది. ఇప్పుడు రోజు విడిచి రోజు కాదు. రోజూ.

కుండీలతో ఊరిని కాపాడలేం. రిపేరు వాళ్లు నడిచే బాట తప్ప పైన చోటు లేదు. మడులకే ఎండ తగలాలి. మడులకూ మా ఇళ్లకూ కలిపి ఒకటే పందిరి, అంటే మా బ్లాకు నెత్తిన అంతా విప్పాలి.

నమోదు 5. కమిటీ హాల్లో

మీలో చాలామంది వచ్చారు. ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో చెప్పగలను.

పునాది పత్రంలో మొదటి వాక్యం శ్రీకంఠంగారు నిలబడి చదివారు. ఇకమీదట ఈ ఊళ్లో ఎవరి నెత్తిమీదా ఎండ పడదు. గొంతు బొంగురుపోయేలా చదివారు. ఆ వాక్యం కోసం చచ్చింది మా నాన్న, మీ నాన్న కాదు అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. నొచ్చుకోవడం ఆయనకు బాగా వచ్చు.

నా వాదన ఏమిటో మళ్లీ రాస్తున్నాను, హాల్లో దగ్గులూ గుసగుసల మధ్య మీకు వినపడి ఉండదు. ఎండ పడకూడదన్నది మనిషికి పెట్టుకున్న హక్కు. మొక్కకు కాదు. మొక్కకు ఎండ ఇవ్వకపోతే మనిషికి మందు ఉండదు. మనిషి నీడలోనూ మొక్క ఎండలోనూ ఉండటానికి చేయాల్సింది ఒక్కటే, రెండింటినీ విడదీయాలి. మడులు కొండలా అక్కడే ఉంటాయి. మనుషులకు కాళ్లున్నాయి. రెండు నెలలు మా బ్లాకు వాళ్లని పై బ్లాకుల్లో ఉండనివ్వండి. అతిథి గదులు దుమ్ము కొట్టుకుపోతున్నాయి. మందు పండాక మా ఇళ్లకు మేం పోతాం.

కమిటీ లోపలికి వెళ్లి మాట్లాడుకుని వచ్చింది. ఏడో బ్లాకు మీద పందిరి విప్పడానికి ఒప్పుకున్నామని శ్రీకంఠంగారు ప్రకటించారు. మీరు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టబోయాను. మనుషుల సంగతేమిటని అడిగాను.

అంతమందిని ఒక్కసారి కదిలించడం కష్టమట. పై బ్లాకుల వాళ్లు జ్వరానికి భయపడుతున్నారట. ఈ జ్వరం మనిషిని ముట్టుకుంటే రాదు, దోమ కుడితే వస్తుంది, ఆ దోమ పుట్టేది మీ గదులు చల్లబరచడానికి మా బ్లాకులోంచి పారే కాలవల్లో అని డాక్టరుగారు లేచి చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నారు. విని, నా వైపు తిరిగి, ఎంతో మెత్తగా అన్నారు.

"మీవాళ్లకు ఎండ కొత్త కాదు కదా సువార్తగారూ. తరతరాలుగా మీకు అలవాటే."

ఆ మాట తర్వాత హాల్లో ఏం జరిగిందో నమోదు చేస్తున్నాను. ఏమీ జరగలేదు. మీరు కాళ్ల వైపు చూసుకున్నారు. ఒకాయన చెప్పు సర్దుకున్నాడు. అలవాటు అన్నాడే ఆ మనిషి. మా నాన్న నాలుక ఎండి, అంగిట్లో అతుక్కుని, మా అమ్మను కూడా గుర్తుపట్టకుండా చచ్చిపోయాడు. దాన్ని అలవాటంటారా? మొక్కకు కష్టం పెడితే చేదు పుడుతుంది. మనిషికి పెడితే శవం లేస్తుంది. ఈ తేడా తెలియనివాళ్ల చేతుల్లో మన పందిరి ఉంది.

నమోదు 6. మొదటి పలక

మావాళ్లకు చోటివ్వమని నిన్నంతా తలుపులు కొట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు బ్లాకులు. కొన్ని తలుపుల వెనక అడుగుల చప్పుడు వినిపించి ఆగిపోయింది. ఒకావిడ, నిజంగా మంచిదే, కిటికీలోంచి స్టీలు గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. ఎండలో తిరుగుతున్నట్టున్నారు అంది, ఎండే లేని ఊళ్లో, అలవాటుగా. తలుపు తీయలేదు. తాగేసి గ్లాసు కిటికీ మీద పెడితే, కొంగుతో పట్టుకుని లోపలికి తీసుకుంది.

తిరిగొచ్చేసరికి మా నెత్తిన బోల్టులు తిప్పుతున్న చప్పుడు. ఏసోబు ముఠానే పంపారు. మీ మేస్త్రీ అక్కడ మంచంలో ఉన్నాడ్రా అని అరిచాను. ఒకతను పైనుంచి వంగి, చేయకపోతే ఇంకొకళ్లతో చేయిస్తారు పిన్నీ, మేమైతే కనీసం మెల్లగా విప్పుతాం అన్నాడు. వాణ్ణి ఏమనాలి?

ఏసోబు కళ్లు మూసుకునే వింటున్నాడు. అది గట్టు వైపు వరస, తుప్పు పట్టింది, నూనె వెయ్యందే రాదు అంటున్నాడు. ఇప్పుడు వచ్చింది అంటున్నాడు. వాడు బిగించిన బోల్టులు. వాడి ఇంటి మీదివి.

పరీక్ష కోసమని సాయంత్రం ఒక పలక తీశారు. వరండాలో నేల మీద తలుపంత వెలుతురు పడింది. పిల్లలు చుట్టూ చేరి దానిలో చెయ్యి పెట్టి తీశారు. ముసలివాళ్లు ఒక్కరూ దగ్గరికి రాలేదు. మా నాన్నతో పనిచేసిన సామేలు మామ అది చూసి గోడకి ఆనుకుని అలాగే జారిపోయాడు. నీళ్లు చల్లితే లేచాడు. పందిరి పడిపోయిందా అమ్మాయ్ అని ఒకటే అడుగుతున్నాడు.

ఒక్క పలకకే గది గోడ వెచ్చబడింది. జ్వరంతో ఉన్న మనిషి ఒంటి వేడి గాల్లోకి పోవాలి కదా. గాలే ఒంటికన్నా వేడిగా ఉంటే ఎక్కడికి పోతుంది? రూతు తడిగుడ్డ వేస్తోంది, తీస్తోంది, వేస్తోంది. మాట్లాడటం లేదు. ఎల్లుండికి పలకలన్నీ తీస్తారట.

నేను ఇవాళ ఒక పని చేయబోయాను. అసలు పందిరి విప్పొద్దని, ఎండే వద్దని రాద్దామనుకున్నాను. కాగితం తీశాను. ఏసోబు కళ్లు తెరిచాడు.

"అట్టా రాయమాకే. ఎండ లేకపోతే మందు లేదు, మందు లేకపోతే నేనే కాదు, గోడవతల పిల్లకాయలు కూడా పోతారు. ఎండ కావాలని రాయి. మమ్మల్ని దాని కింద వదిలేసి పందిరి విప్పొద్దని రాయి. రెండూ రాయి."

"ఒకటి అడిగితేనే ఇయ్యట్లేదురా."

"నువ్వు ఎప్పుడు ఒకటి అడిగావు గనక," అన్నాడు. నవ్వాడు. పళ్లు కొట్టుకున్నాయి.

ఇది రాస్తుంటే నా చెయ్యి వణుకుతోంది. భయమో, చలో తెలియడం లేదు. దుప్పటి కప్పుకుని చూశాను. అయినా తెలియలేదు.

నమోదు 7. డిమాండ్లు

రెండూ రాస్తున్నాను. ఇవి విన్నపాలు కావు.

1. ఏడో బ్లాకు మీద ఇంకొక్క పలక విప్పే ముందు, కింద ఉన్న ప్రతి మనిషినీ నీడలోకి చేర్చాలి.

2. ఒకటి నుంచి నాలుగు బ్లాకుల్లో అతిథి గదుల తాళాలు ఈరోజే తీయాలి. ఎవరు ఏ గదిలో అన్నది డాక్టరు హైమవతి చెప్తారు. కమిటీ కాదు.

3. మనుషులు ఖాళీ చేసిన వెంటనే పందిరి విప్పాలి. ఒక్క పూట ఆలస్యం చేయకూడదు. మడులకు మొదట చీరలు కట్టి, కొద్దికొద్దిగా తొలగించాలి. పాత చీరలు అన్ని బ్లాకుల నుంచీ రావాలి.

4. మడుల్లో పనికి ఏడు బ్లాకుల వాళ్లూ వంతులవారీగా రావాలి. ఎండెక్కాక ఎవరూ అక్కడ ఉండకూడదు.

5. చల్లనీటి కాలవలకు మూతలు వేయాలి. వేసేదాకా పై బ్లాకులకు చల్లదనం ఆపాలి.

6. ఆకును తూచి కాదు, నమిలి తీసుకోవాలి. ప్రతి కోతకీ మొదట నమలాల్సింది కమిటీ అధ్యక్షుడు, అందరి ముందు.

7. మొదటి కోత కషాయం జ్వరం ముదిరినవాళ్లకు. బ్లాకు నంబరు అడగకూడదు.

8. ఎండ మాకు అలవాటు అన్న మాట కమిటీ రికార్డులో అలాగే ఉంచాలి. కొట్టేయకూడదు.

9. ఏసోబును ముందు తీసుకెళ్లాలి. మంచంతో సహా మోయాలి, మెట్లు ఇరుకు. నాలుగు కోళ్లకు నలుగురు కావాలి. ఒక కోడు నేను పట్టుకుంటాను. ముగ్గురు రండి.